రెండు చెవుల మధ్య చూపు

“పాప పడితే?”

దేవదాసుతో నేను మాట్లాడిన మొదటి మాట ఇదే. నమస్కారం పెట్టలేదు, పేరు చెప్పుకోలేదు. నా కూతురు రోజా అప్పటికే ఆయన ఆడగుర్రం చుక్కి మెడకు చెంప ఆనించి నిలబడి ఉంది.

“పడుతుంది మా,” అన్నాడాయన జీను పట్టీ బిగిస్తూ. “పడకుండా ఎవురూ నేర్చుకోలేదు. అందుకే నేను ముందు పడేదే నేర్పిస్తా. ఎక్కేది తర్వాత.”

నేను ఫిజిక్స్ చదువుకున్నదాన్ని. పెనుకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆ గుర్రం మీద కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్ల తల నేలకు దాదాపు రెండు మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి నేలను తాకేసరికి గంటకు ఇరవై రెండు కిలోమీటర్ల వేగం వస్తుంది. అది నిలబడిన గుర్రం మీది నుంచి పడితే. పరిగెత్తే గుర్రమైతే దాని వేగం కూడా తోడవుతుంది. నా లెక్కను ఆయనకు వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“లెక్క సరిగ్గానే ఉంటాది,” అన్నాడు. “అయితే నువ్వు రాయి పడినట్ల చెప్తాండావు. మనిషి చుట్టుకోని పడొచ్చు గదా.”

హిందూపురం నుంచి పరిగి వెళ్లే దారిలో ఒక స్కూలు ఉంది. దాని వెనక మైదానంలో రేకుల షెడ్డు, అందులో రెండు గుర్రాలు. వారానికి మూడు సాయంత్రాలు దేవదాసు పిల్లలకు స్వారీ నేర్పుతాడు. వయసు యాభై ఎనిమిది, బరువు యాభై కిలోలు. నా భుజం దాకా వస్తాడు. నడుస్తుంటే మోకాళ్ల మధ్య నుంచి అవతలి గోడ కనిపిస్తుంది.

ఊరు రొద్దం దగ్గర. ఇంట్లో అందరూ వేరుశనగ చేలల్లో కూలికి వెళ్లేవాళ్లు. బెంగుళూరు రేసుకోర్సులో గుర్రాలను కనిపెట్టుకుని ఉండే సాయీసుగా మేనమామ పనిచేసేవాడు. ఆయనే పద్నాలుగో ఏట దేవదాసును తీసుకుపోయాడు. అక్కడి ట్రైనర్ ఈ పిల్లవాడి ముఖం చూడలేదట. చెప్పులు విప్పమని పాదాలు చూశాడు, అరచేతులు తిప్పి చూశాడు. పాదాలు చిన్నవైతే ఇక ఎక్కువ పెరగడని అర్థం. పెరగని వాడే పందెపు గుర్రం తోలే జాకీగా పనికొస్తాడు.

“నా జన్మలో పొట్టోణ్నని నన్ను మెచ్చుకున్న మనిషి ఆయప్ప ఒక్కడే,” అనేవాడు దేవదాసు.

మొదటి సంవత్సరం గుర్రం ఎక్కనివ్వలేదు. లద్దె ఎత్తడం, గడ్డి పరవడం, గుర్రం ఒళ్లు రుద్దడం, కాళ్లు తడిమి వేడి ఉందో లేదో చెప్పడం. పదమూడో నెలలో ఇసుక గుంటలోకి తోశారు. పడే క్షణంలో పగ్గం వదలాలి, గడ్డం రొమ్ముకు ఆనించాలి, భుజం మీద దొర్లాలి. ఆ తర్వాత దూలానికి గోనెసంచులు చుట్టి, దాని మీద మోకాళ్లు ముడిచి, పిరుదులు ఆనకుండా పది నిమిషాలు వంగి ఉండమన్నారు. తొడలు వణికి ఏడుపు వచ్చేదట. అది కుదిరాక నిజం గుర్రం. ఇంకో రెండేళ్లకు పెద్దల ముందు ఉత్తుత్తి పందేల్లో పరిగెత్తించి చూపించి, వాళ్లు సరేనంటే అప్రెంటిస్ లైసెన్సు.

ఇవన్నీ రోజా నాకు చెప్పింది. ఆయన చెప్పింది కొంచెమే. నా కూతురి జ్ఞాపకంలో ఆయన చిన్నతనం మొత్తం ఉంది. నా చిన్నతనం గురించి అది ఒక్క ప్రశ్న కూడా ఎప్పుడూ అడగలేదు.

ఒకసారి భోజనాల దగ్గర లెక్కపెట్టాను. అన్నం కలపడం మొదలుపెట్టినప్పటి నుంచి చెయ్యి కడుక్కునే దాకా రోజా “తాత చెప్పినాడు” అని పదకొండు సార్లు అంది. తాత అంటే దేవదాసు. మా వారు కిరణ్ ధర్మవరం జంక్షన్‌లో సిగ్నల్ విభాగంలో పనిచేస్తారు, శని, ఆదివారాలు ఇంట్లో ఉంటారు. ఆయన నవ్వి, “పోనీలే, నానబెట్టిన శనగలు తింటోంది కదా,” అన్నారు. ఆ శనగలు తినమని నేను మూడేళ్లు బతిమాలాను. ప్రొటీన్ గురించి బొమ్మ వేసి చెప్పాను. దేవదాసు ఒక్క మాట అన్నాడు, గుర్రం తినేదే నువ్వూ తినమని. అంతే. బూట్లు తనే తుడుచుకుంటోంది. పడుకునే ముందు సంచి సర్దుకుంటోంది. ఇవన్నీ మంచివే. ఒక్కొక్కటీ నాకు ముల్లులా గుచ్చుకునేది.

ఆయన పెట్టుకున్న పద్ధతి ఒకటి ఉంది. గుర్రం దిగిన ప్రతి పిల్లా మొదట తన తప్పు చెప్పాలి. తర్వాతే గుర్రం తప్పు చెప్పొచ్చు. “పగ్గం గట్టిగా లాగినాను తాతా. చుక్కి తల ఎగరేసింది.” ఈ వరస తిరగబడితే, అంటే ముందు గుర్రం మీద చెబితే, ఆ రోజు ఆ పిల్లకు ఇక స్వారీ లేదు. కూర్చుని చూడాల్సిందే. ఇంట్లో గ్లాసు పగిలినా, నేను కేకలు వేసేలోపే రోజా ఎదురొచ్చి తన తప్పు చెప్పేసేది. కోపం తెచ్చుకునే అవకాశం కూడా ఆ మనిషి నాకు మిగల్చలేదు.

రెండో పద్ధతి, చూపు. గుర్రం రెండు చెవుల మధ్య నుంచే ముందుకు చూడాలి. పక్కకు తల తిప్పకూడదు, ఎవరు పిలిచినా.

ఒక సాయంత్రం ఆయనను ఓడించాలని చూశాను. జాకీకి తలలో గడియారం ఉండాలని, ట్రైనర్ ఇన్ని సెకన్లలో రమ్మంటే అన్నిట్లోనే తేవాలని, అది అప్రెంటిస్‌కు మొదటి పరీక్ష అని రోజా చెప్పింది. పందెంలో ముందే దౌడు తీయించినవాడి గుర్రం చివర ఊపిరి అందక ఆగిపోతుంది. గుర్రం బలాన్ని మరీ దాచుకున్నవాడికి దాచింది వాడుకునే చోటు దొరకదు. ఎంత వాడానో, ఎంత మిగిలిందో చూసుకోవడానికి చేతికి గడియారం ఉండదు, లోపలే లెక్క నడవాలి. నేను నమ్మలేదు. సెకన్లను మనసులో లెక్కపెట్టేవాడు ఉత్సాహం వస్తే తొందరపడతాడు, అది అందరికీ తెలిసిందే.

“ఒక చుట్టు నలభై సెకన్లలో రండి,” అన్నాను ఫోను తీసి.

ఆయన ఏమీ అడగకుండా చుక్కిని ఎక్కాడు. రెండు వందల మీటర్ల చుట్టు. నలభై పాయింట్ మూడు. యాభైలో రమ్మన్నాను. నలభై తొమ్మిది పాయింట్ ఎనిమిది. రోజా ఎగిరి చప్పట్లు కొట్టింది. నేను ఫోను సంచిలో పెట్టుకుని, ఆరేసిన బట్టలు వానకు తడిసిపోతాయని చెప్పి ఇంటికి బయలుదేరాను. ఆకాశంలో మబ్బు లేదు.

షెడ్డులో ఒక ఫొటో ఉంది. ఇద్దరు కుర్రవాళ్లు, రంగురంగుల పట్టు చొక్కాలు, చంకల్లో జీన్లు. ఒకరు దేవదాసు. రెండో ఆయన ఎవరని అడిగాను.

“గణేషు. మడకశిర పక్కోడు. నాకన్నా బాగా తోలేవాడు,” అని చుక్కికి నీళ్లు పెట్టడానికి వెళ్లాడు.

జనవరి ఇరవై ఆరున స్కూల్లో జెండా పండుగ అయ్యాక పిల్లల స్వారీ ప్రదర్శన పెట్టారు. చుట్టూ తాడు కట్టి, బయట తల్లిదండ్రులను నిలబెట్టారు. దేవదాసు మధ్యలో నిలుచున్నాడు. రోజా వంతు వచ్చింది. చుక్కి మెల్లగా దౌడు అందుకుంది. పాప నడుము నిటారుగా, చేతులు తగ్గించి, చెవుల మధ్య నుంచి చూస్తూ మొదటి మలుపు తిరిగింది. అప్పుడు దేవదాసు ఒక్కసారి తల ఊపాడు. పాప పెదవులు కొంచెం విచ్చుకున్నాయి. ఆయన వైపు చూడకుండానే ఆయన తల ఊపాడని దానికి తెలిసింది.

నేను ప్రసవం రోజు నుంచి ఆ ముఖాన్ని చదువుతున్నాను. అంత నిమ్మళమైన సంతోషం నా వల్ల దాని ముఖంలోకి ఎప్పుడైనా వచ్చిందా అని వెతికితే ఒక్క సందర్భమూ తట్టలేదు. రెండో మలుపులో రోజా నాకు దగ్గరగా వచ్చింది. ఫోను ఎత్తి పట్టుకున్నాను.

“రోజా, ఇటు చూడమ్మా.”

చూసింది. అమ్మ పిలిస్తే చూడకుండా ఎట్లా ఉంటుంది. తల తిరిగింది, తల వెంట భుజం తిరిగింది, బరువు ఒక పక్కకు ఒరిగింది. చుక్కి ఆ బరువు చెప్పినట్టే తాడు వైపు వచ్చేసింది. మనుషులు అరుస్తూ వెనక్కి దూకారు. తాడు రొమ్ముకు తగిలేసరికి గుర్రం గిట్టలు పాతి ఆగిపోయింది. రోజా దాని భుజం మీదుగా ముందుకు పోయింది.

పగ్గం వదిలేసింది. గడ్డం ముడిచింది. దొర్లింది. ఆయన నేర్పిన మూడూ చేసింది. అయినా ఎడమ కాలర్ బోన్ విరిగింది.

నేను తాడు కిందుగా దూరి వెళ్లేసరికి దేవదాసు మోకాళ్ల మీద ఉన్నాడు. పాప చెయ్యిని కదలకుండా తన కండువాతో కడుతూ నెమ్మదిగా అడుగుతున్నాడు, స్పృహ ఉందో లేదో చూడటానికన్నట్టు.

“నీ తప్పేమి నాయనా?”

“చెవుల మధ్య చూడలేదు తాతా.”

“చుక్కిది?”

“చుక్కిది ఏం లేదు.”

ఎందుకు చూడలేదని ఆయన అడగలేదు. పాప చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆసుపత్రిలో డాక్టరు, దొర్లకపోతే దెబ్బ తలకు తగిలేదని అన్నాడు. కిరణ్ ధర్మవరం నుంచి దొరికిన బండి పట్టుకుని వచ్చారు. “ఆ గుర్రం పక్కకు లాగిందంట కదా,” అన్నారు. మైదానంలో అందరూ అదే మాట అనుకుంటున్నారు. నేను కాదనలేదు. మూడు రోజులు ఆ మాట మా ఇంట్లో అట్లాగే ఉండిపోయింది. రోజా నన్ను ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఎడమ చేతిని పట్టీలో పెట్టుకుని కుడి చేత్తో శనగలు తింటూ, “చుక్కికి దెబ్బ తగల్లేదు కదా మా,” అని మాత్రం అడిగింది.

సోమవారం స్కూలు కరస్పాండెంటు నరసింహులు తల్లిదండ్రులను పిలిచారు. మంచి మనిషే, కానీ భయపడ్డారు. ఇంతకు ముందే వాళ్లూ వీళ్లూ ఆయన చెవిలో వేసినట్టున్నారు.

“ఆ ఆడగుర్రానికి పక్కకు లాగే గుణం ఉండాదంట. ఇట్లాంటిదాన్ని పిల్లోళ్ల కాడ ఎట్ల పెట్టేది దేవదాసూ? ధర్మవరంలో పెండ్లి ఊరేగింపులకు తిప్పేటోళ్లు అడుగుతాండారు. దాన్ని ఆడికి పంపిచ్చేయ్. స్వారీ క్లాసు గూడా ఇంక చాలు.”

చుక్కి రేసుల నుంచి విరమించిన గుర్రం. బ్యాండు మోతకు, టపాకాయలకు ఎంత బెదురుతుందో నాకు తెలుసు. దీపావళి నాడు దాని చెవుల్లో దూది పెట్టి పక్కనే కూర్చున్నాడు దేవదాసు. నాతో పండుగ చేసుకోకుండా రోజా కూడా అక్కడే కూర్చుంది. అది కూడా నేను మనసులో రాసిపెట్టుకున్న వాటిలో ఒకటి.

దేవదాసు లేచి నిలబడ్డాడు. లేచినా కూర్చున్నవాళ్లకంటే పెద్ద ఎత్తు లేడు.

“ముందు నా తప్పు చెప్తా సార్. తాడు రెండడుగులు దగ్గరగా కట్టినా. జనం ఉంటారని ఇంకా దూరం కట్టల్ల. అది నాది.” కొంచెం ఆగాడు. “గుర్రానిది ఏం తప్పు లేదు.”

“మరి ఊరికే పక్కకొస్తుందేమప్పా?” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఆయన తిరిగి కూర్చున్నాడు. నా వైపు చూడను కూడా లేదు. చూసి ఉంటే నేను కోపం తెచ్చుకునేదాన్ని, ఆ కోపంలో నోరు మూసుకునేదాన్ని కూడా. ఇంకో నిమిషం గడిస్తే నరసింహులు క్లాసు ఆపే కాగితం మీద సంతకం పెడతారు. నేను కోరుకున్నది జరిగిపోతుంది. రోజా సాయంత్రాలు నావే అవుతాయి.

“పాపను పిలిచింది నేను,” అన్నాను.

కిరణ్ నా వైపు తిరిగారు.

“గుర్రం మీద ఉన్నప్పుడు పిలవకూడదని నాకు తెలుసు. మొదటి రోజే చెప్పారు. అయినా ఇటు చూడమని పిలిచాను. అది చూసింది. బరువు పక్కకు వస్తే గుర్రం పక్కకు వస్తుంది. నేర్పింది అదే కాబట్టి చుక్కి సరిగ్గానే చేసింది.”

“ఫొటో కోసరమా మేడం?” అని నరసింహులు అడిగారు. అందులో ఎత్తిపొడుపు లేదు, నాకు ఒక దారి చూపించారంతే. అవునని ఉంటే అక్కడితో పోయేది. అందరూ ఫొటోలు తీస్తారు.

“ఫొటో కోసమైతే పిలవనక్కర్లేదు సార్.”

వెనక నుంచి ఒకావిడ, “ఫిజిక్స్ మేడమే ఇట్ల చేస్తే ఇంగ మనమెంత లేమ్మా,” అంటే కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు దక్కాల్సిందే. తాడు పదడుగులు వెనక్కి కట్టాలని, స్వారీ జరిగేటప్పుడు పెద్దవాళ్లు నోరు మెదపకూడదని తీర్మానించారు. చుక్కి ఉండిపోయింది. దారిలో కిరణ్, “మూడు రోజులు ఎందుకు చెప్పలేదు?” అని మాత్రం అడిగారు. ఇంటికి వెళ్లి రోజాతో కూడా చెప్పాను. అది, “నాకు తెలుసు కదా మా,” అంది, ఏదో పాత సంగతి విన్నట్టు.

మర్నాడు కాలేజీ నుంచి వస్తూ మైదానం దగ్గర బస్సు దిగాను. దేవదాసు చుక్కి కాళ్లు తడుముతున్నాడు.

“నేను పిలిచింది ఆ రోజు మీరు విన్నారా?”

“విన్నా. మధ్యలో నిలబడినోనికి వినపడదా?”

“మరి మీటింగులో చెప్పలేదే?”

“అది నువ్వు చెప్పుకోవల్సిన మాట. నేను చెప్తే చాడీ అయితాది.”

గడ్డి మోపు మీద కూర్చోమన్నాడు. అప్పుడు గణేషు సంగతి చెప్పాడు. ఇద్దరూ ఒకే ట్రైనర్ దగ్గర అప్రెంటిస్‌లు. గణేషు రెండేళ్లు వెనక వచ్చాడు. అయినా మంచి గుర్రాలు అతనికే ఇచ్చేవాళ్లు. దేవదాసు ఒక చపాతీ, అర గ్లాసు టీతో రోజు గడిపి, ఎండలో ప్లాస్టిక్ కోటు తొడుక్కుని పరిగెత్తి బరువు దించేవాడు. గణేషు కడుపు నిండా తిన్నా పెరిగేవాడు కాదు.

“అన్నం తినేటప్పుడు గూడా వాని కంచమే చూసేవాణ్ని మా,” అన్నాడు. “ఒగ దినం పద్నాలుగు వందల మీటర్ల పందెం. నేను ఎక్కింది బూడిద రంగు గుర్రం, బూడిదోడు అనేవాళ్లం. ఆఖరి మలుపు తిరిగినాక నేను ముందరుండా. లోపల, కంచె పక్క సందులో గణేషు వస్తాండాడని గిట్టల సద్దు తెలుస్తాంది. నా గుర్రంలో ఇంకా బలం ఉండాది. ముందరికి చూసి తోలుకుంటే చాలు, గెలిచేవాణ్నే. కానీ వాడు యాడుండాడో చూడల్లనిపించింది. తల తిప్పినా. ఒక్క తూరి.”

“గుర్రం అటే వెళ్లింది.”

“నీకు తెలుసు గదా లెక్క. సందు మూసుకపోయింది. వాని గుర్రం కంచెకు తగిలింది. గణేషు తొడ ఎముక మూడు తునకలు. మళ్లా పందెం తోలలేదు వాడు.”

విచారణలో పందెం పెద్దలు అడిగితే, గుర్రం లోపలికి లాగింది సార్ అని దేవదాసు చెప్పాడట. తర్వాత ఫిల్ము వేసి చూశారు. తల తిప్పింది అందులో ఉంది. కొన్ని నెలలు లైసెన్సు ఆపేశారు. ఆయన దృష్టిలో అది పెద్ద శిక్షే కాదు. ముందు చెప్పిన అబద్ధం అప్పటికే లాయాల్లో పాకిపోయింది. బూడిదోడు పక్కకు లాగే గుర్రమని పేరు పడింది. ఎవరూ ఎక్కడానికి ఇష్టపడలేదు. ఎవరికో ఇచ్చేశారు. ఎక్కడికి పోయిందో ఆయనకు తెలియలేదు.

“గణేషుకు నోరుండాది. నన్ను తిట్టినాడు, కొన్నేండ్లకు మాట్లాడినాడు. దానికి నోరు లేదు గదా.” చుక్కి కాలు కింద పెట్టి లేచాడు. “నిన్న మీటింగులో నువ్వు లేసి చెప్పకపోయుంటే ఇది గూడా అట్లే పోయుండేది.”

నేను మెచ్చుకోలు కోసం వెళ్లలేదు. నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా, ఆ చుక్కి నుదుటి మీది తెల్లమచ్చను ఆయన నిమిరే తీరు చూసి, నా కూతురు ఈ చేతిని ఎందుకు నమ్ముతుందో అర్థమై, లోపల మండింది.

“నా మీద మీకు కోపం లేదా?” అని అడిగాను.

“నువ్వు నన్ను చూసే చూపు నాకు కొత్త గాదు మా. గణేషును నేను అట్లే చూసేవాణ్ని.” నవ్వాడు. “నువ్వొచ్చిన దినం నుంచీ చూస్తాండా. పాప ఎక్కుతుంది, నువ్వు నా మొగం చూస్తావు. పాప దిగుతుంది, నువ్వు నా మొగమే చూస్తావు. బిడ్డ ఎట్ల తోలిందో నిన్నడిగితే చెప్పలేవు.”

చెప్పలేను. నిజమే. ఎన్నిసార్లు “తాత” అందో లెక్కపెట్టాను. ఎన్నిసార్లు భయపడిందో నాకు తెలియదు.

ఎముక అతికాక ఏప్రిల్‌లో రోజా మళ్లీ ఎక్కింది. ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు కొత్త తాడు వెనక సిమెంటు అరుగు మీద కూర్చుంటాను. ఫోను సంచిలో ఉంటుంది. మలుపు తిరిగే ముందు రోజా కింది పెదవి కొరుక్కుంటుందని, భయమేస్తే కుడి మడమ బిగుస్తుందని, భయం తీరాక జూలులోకి వేళ్లు పోనిచ్చి ఒకసారి గోకుతుందని నాకు తెలిసింది. మధ్యలో దేవదాసు తల ఊపుతున్నాడో లేదో చూడాలని నా మెడ తిరగబోతుంది. ఇంకా తిరగబోతూనే ఉంది. అప్పుడు ఆ గడ్డి మోపు దగ్గర ఆయన చివరగా అన్న మాటను లోపల చెప్పుకుని, చూపును తిరిగి పాప మీదికి తెచ్చుకుంటాను.

“పక్కోని గుర్రం ఎంత బాగా పోతాంటే నీకేం మా. అటు చూస్తే నీదీ అటే పోతాది. చెవుల మధ్య చూసుకో.”